యాభై దాటిన కంటికి గురి



మన పెనుగొండ బడిలో చదివి, ఎన్.సి.సి.లో .22 రైఫిల్ పట్టినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. వెనుక సైటు, ముందు సైటు, టార్గెట్ ఒకే వరుసలోకి రావాలని నేర్పేవారు. అవి మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుంటుంది. దగ్గరి సైటు మసకబారుతుంది.

స్కోపు గురి గీతల్నీ టార్గెట్‌నీ ఒకే దూరంలో చూపిస్తుంది. అందుకే క్లబ్బు రేంజిలో సరదాగా ఎయిర్ రైఫిల్ మళ్ళీ పట్టాలనుకునేవారికి అది మంచి తోడు. అయితే ఎక్కువ రెట్లు పెంచి చూపేదానికి ఆశపడకండి. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగించండి. 40 మి.మీ. స్కోపు 8 రెట్ల దగ్గర 5 మి.మీ. కాంతి వలయాన్ని ఇస్తుంది, 20 రెట్ల దగ్గర 2 మి.మీ. మాత్రమే. బొమ్మ చీకటి పడుతుంది, చేతి వణుకు పెద్దదై కనిపిస్తుంది. 10 మీటర్లకు ఫోకస్ అయ్యేదే తీసుకోండి. ఐపీసు తిప్పి ముందు గీతలు సరిచేసుకోండి. టార్గెట్‌కు తెల్ల కాగితం మీద పెద్ద నల్లచుక్క మేలు.

వయసు అడ్డంకి కాదు. 1920 ఒలింపిక్స్‌లో స్వీడన్ జట్టు రజతం గెలిచినప్పుడు అందులోని ఆస్కార్ స్వాన్‌కు 72 ఏళ్ళు.

ఎంత తిప్పినా మసకగానే ఉంటే అది శుక్లం కావచ్చు. స్కోపు మార్చేముందు కంటి డాక్టరుకు చూపించుకోండి. టార్గెట్ వెనుక ఏముందో స్పష్టంగా కనబడనప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

సెలవు.