పరుల పండుగ, మన సిపాయి

(క్రిస్టమసు వారమున పఠనమందిరమునందు జరిగిన సభలో చేసిన యుపన్యాసము)



డిసెంబరు మాసము చివరివారమున క్రైస్తవలోకమున అధికభాగము పండుగ చేసికొనును. ఆనాడు ఇల్లు చేరలేక యెల్లలయందు కావలియున్న సైనికులను ఆయా దేశములవారు తలచుకొనుట వాడుక. అది మంచి వాడుకయే. మేము నేడు మీకు జ్ఞాపకము చేయదలచినది మాత్రము వేరొక తెగ సైనికులను. ఆ పండుగ వారిలో అనేకులకు తమది కాదు. ఆ యుద్ధము వారిది కాదు. ఆ చలి వారు పుట్టి యెరుగరు. 1914వ సంవత్సరపు క్రిస్టమసునాడు ఫ్రాన్సుదేశపు బురదకందకములలో నిలిచియుండిన మన భారతసిపాయిలను గూర్చి మాటలాడుటకు మేము వచ్చియున్నాము.

ఆ సంవత్సరము ఆగష్టులో యుద్ధము పుట్టినది. సెప్టెంబరు 26వ తేదీకే మన సేన మార్సేల్సు రేవున దిగ మొదలిడెను. లాహోరు డివిజను, మీరట్టు డివిజను అను రెండు దళములు వచ్చెను. పఠానులు, సిక్కులు, గూర్ఖాలు, గఢవాలీలు, డోగ్రాలు, జాట్లు, బెలూచి పటాలములవారు అందు గలరు. దిగినవారి యొంటిమీద నున్నది నూలు ఖాకీబట్ట. ఉన్ని దుస్తులు తరువాత నెప్పుడో వచ్చెను. అక్టోబరు మాసాంతమునకే వారిని ఫ్లాండర్సు రంగమునకు త్రోసిరి. అక్కడ హాలెబెక్ అను చోట, అక్టోబరు 31న, తోడివారందరును కూలినను మరతుపాకిని విడువక నిలిచిన ఖుదాదాద్ ఖానుడు విక్టోరియా క్రాసు పొందెను. భారతదేశమున పుట్టిన సిపాయికి ఆ పతకము లభించుట అదియే ప్రథమము.

ఆ సిపాయికి నెలజీతము 11 రూపాయలు. ఈ యంకెను ముందుంచుకొని, వీరు కూలికి పోయినవారే గదా, వీరి త్యాగము మనకేల యని మనలో కొందరందురు. జాతీయవాదులనబడు వారినోటనే మేమీ మాట పలుమారు వింటిమి. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఒడంబడికల సంగతి కొంత తెలియును. ఏ ఒడంబడికయందైనను ఇచ్చినదానికిని పుచ్చుకొన్నదానికిని ఒక పొత్తుండవలయును. 11 రూపాయలకు ఒక మనిషి తన ప్రాణమును అమ్ముకొనెనని చెప్పు పత్రమును ఏ న్యాయస్థానము చెల్లుననును? వాడు పోయినది జీతమునకు మాత్రమే కాదు. పటాలపు పరువునకు, తండ్రితాతల పేరునకు, ఊరిలో నలుగురి యెదుట తలయెత్తి తిరుగుటకు పోయెను. వాని సేవను కొనుక్కొన్నవాడు దానిని దేనికి వాడుకొనెననునది వేరు మాట. ఆ రెంటిని కలిపివేసి, యజమాని తప్పును సేవకుని తలపై రుద్దుట మాకు న్యాయమని తోచదు.

ఇక ఆ డిసెంబరు మాసపు కథ వినుడు. వానలు విడువక కురిసినవి. కందకములలో మోకాళ్లలోతు నీరు. కాళ్లు వాచి, మొద్దుబారి, వ్రేళ్లు చెడి ఆస్పత్రి పాలైన వారనేకులు. చేతిబాంబులు చాలక, వాడిపారవేసిన జాముడబ్బాలలో మందుకూరి మనవారు శత్రువుపై విసరిరి. డిసెంబరు 20వ తేదీ ఉదయమున గివెంచి సమీపమున జర్మనులు సొరంగములు త్రవ్వి, సిర్హిందు బ్రిగేడు నిలిచిన కందకముల క్రింద పది మందుపాతరలు ప్రేల్చిరి. నిలిచినవారు నిలిచినట్లే మంటిలో కలిసిరి. పండుగకు అయిదు దినములు ముందు జరిగిన సంగతి యిది. అలసిన ఆ సేనలో అధికభాగమును అప్పుడు వెనుకకు తీసికొనిపోయిరి. కొన్ని పటాలములు మాత్రము ముందువరుసలోనే మిగిలెను. వానిలో 39వ గఢవాల్ రైఫిల్సు ఒకటి.

క్రిస్టమసు ముందు రాత్రి వాన వెలిసి మంచు గడ్డకట్టెను. జర్మనులు తమ కందకముల గట్టులపై చిన్నచిన్న చెట్లు నిలిపి వానికి క్రొవ్వొత్తులు వెలిగించిరి. తెల్లవారినపిమ్మట ఆ వరుసలో పలుచోట్ల ఇరువైపులవారును ఆయుధములు విడిచి వెలుపలికి వచ్చిరి. నవ్ షాపెల్ సమీపమున గఢవాలీలును అట్లే వచ్చి, తాము నిన్నటిదాక తుపాకి గురిపెట్టిన జర్మనుల యెదుట నిలిచి, పొగాకును చుట్టలును ఇచ్చిపుచ్చుకొనిరి. నడుమనున్న నేలపై వారములకొలది పడియుండిన కళేబరములను పూడ్చుకొనుటకు ఆ దినము వీలు కలిగినది. గఢవాలు కొండవానికి జర్మను భాష రాదు. జర్మనువానికి గఢవాలీ రాదు. కాని వరుసగా వెలిగించిన దీపముల యర్థమును వానికెవ్వరును చెప్పనక్కరలేదు. ఆ యేటి దీపావళి అక్టోబరులో, వారు ఓడ దిగిన కొలది దినములకే, పరదేశమున చీకటిలో గడచిపోయినది. పరుల పండుగనాటి రాత్రి వారికి దీపములు కనబడెను.

పై యధికారులకిది నచ్చలేదు. మరుసటి సంవత్సరము క్రిస్టమసునకు ఇట్టిది మరల జరుగరాదని ముందే ఉత్తరువులు వెడలెను. ఇచ్చట నొకమాట. తుపాకిని ఎప్పుడు ఎత్తవలయునో ఎప్పుడు దించవలయునో తానుగా నిర్ణయించుకొన్న గఢవాలీని మీరు మనస్సున నుంచుకొనుడు. వానితో మనకు మరల పని కలదు.

ఆ పండుగకు సిపాయిలకు బహుమతి యొకటి వచ్చెను. రాజుగారి కుమార్తె మేరీ, అప్పటికి 17 ఏండ్ల పిల్ల, ఆమె పేరున చందాలు పోగుచేసి, సైనికులకు నావికులకు ఒక్కొక్క ఇత్తడి డబ్బీ పంపిరి. తెల్లవారికి అందులో పొగాకు, సిగరెట్లు. గూర్ఖాలకును అవియే. సిక్కులు పొగ త్రాగరు గనుక వారికి పటికబెల్లమును మసాలా దినుసుల డబ్బాయును. తక్కిన మనవారికి సిగరెట్లు, పటికబెల్లము, మసాలా దినుసులు. తోలుసంచితో నీరు మోసెడు భిస్తీకి మసాలా డబ్బా మాత్రము. ఎవరి యాచారమెట్టిదో విచారించి పంపిన యీ శ్రద్ధను మేము తక్కువ చేయము. చలిలో వణకుచున్నవానికి గుప్పెడు లవంగములు, ఏలకులు దొరికిన ఆ సంతోషమును వెక్కిరించు హక్కు వెచ్చని గదిలో కూర్చున్న మనకు లేదు.

అయితే ఆ డబ్బీమూతను చూడుడు. నేటికిని పురావస్తుశాలలలో అవి యున్నవి. నడుమ రాకుమారి ముఖము. చుట్టును, ఇంగ్లాండుతో కలిసి పోరాడిన దేశముల పేళ్లు చెక్కిరి: ఫ్రాన్సు, రష్యా, బెల్జియము, జపాను, సెర్బియా, మాంటినిగ్రో. మాంటినిగ్రో యనునది మన జిల్లాలలో నొకదానికన్న పెద్దది కాదు. దానికి చోటు దొరికినది. ఇండియా అను పేరు లేదు. పైభాగమున లాటిను భాషలో బ్రిటిషు సామ్రాజ్యమని యున్నది. మనవారు అందులో అడగిరి. మసాలా దినుసు వేరుగా లెక్కించినవారికి దేశము వేరుగా లెక్కకు రాలేదు.

దినుసుల మాట వచ్చినది గనుక మరియొకటి. సిపాయిల యుత్తరములను తనిఖీ చేయుటకు ఫ్రాన్సులో ప్రత్యేకముగా ఒక కచ్చేరీ యుండెను. వ్రాతరాని వారు తోడివానిచేత వ్రాయించిన జాబులుగూడ అచ్చట తర్జుమా యగుచుండెను. ఈ సంగతి సిపాయిలకు తెలిసిపోయినది. అందుచే వారు తమవారిని నల్లమిరియమని, తెల్లవారిని ఎఱ్ఱమిరపయని సంకేతము పెట్టుకొని, నల్లమిరియమెంత ఖర్చయినదో ఇంటికి తెలియజేయ మొదలిడిరి. ఆ సంకేతమును తనిఖీదారు పట్టుకొనుటవలననే అది నేడు మనకు దక్కినది. గాయపడినవారిని ఇంగ్లాండునందు బ్రైటన్ నగరపు రాజభవనమును ఆస్పత్రిగా మార్చి అచ్చట చేర్చిరి. మతభేదములను, కులభేదములను బట్టి తొమ్మిది వంటశాలలు వేరువేరుగా నడపిరి. చికిత్స బాగుగనే యుండెనందురు. సిపాయి మొఱ చికిత్సనుగూర్చి కాదు. గాయము మానినంతనే మరల ఆ కందకమునకే పంపుట వానికి అన్యాయముగా తోచెను. ఒకసారి రక్తమిచ్చినవాడు ఇల్లు చేరునని వాడు తలచియుండెను.

1915 చివరకు మన పదాతిదళములను ఫ్రాన్సునుండి మరల్చిరి. ఇంటికి కాదు, మెసపొటేమియాకు. అక్కడ టైగ్రిసు నదీతీరమున కూట్ అను ఊరిలో జనరల్ టౌన్‌షెండు క్రింద నున్న మన పూనా డివిజనును తురకసేన డిసెంబరు 7వ తేదీ మొదలు చుట్టుముట్టియుండెను. ఆ యేటి క్రిస్టమసు ముందునాడు అచ్చటి కోటపై పెద్ద దాడి జరిగినది. మనవారు దానిని త్రిప్పికొట్టిరి. కూట్‌ను విడిపింపబోయిన సేనలో ఫ్రాన్సు బురదనుండి వచ్చినవారే యనేకులు. విడిపింపజాలక వేలకొలది అచ్చటనే కూలిరి. తుదకు 1916 ఏప్రిలు 29న, తిండి యడుగంటినపిమ్మట, 13,000మంది శత్రువునకు లోబడిరి. ఆ ఖైదులో చచ్చినవారి కథ చెప్పబూనినచో ఈ రాత్రి చాలదు.

ఈ రెండు రంగములలోను చనిపోయినవారికి స్మారకములు కట్టిరి. నవ్ షాపెల్‌నందు 1927లో తెరచిన కట్టడముపై 4,700కు మించిన పేళ్లు చెక్కియున్నవి. సిపాయి పేరు, వాని పటాలము పేరు చదువవచ్చును. బస్రా స్మారకమున నట్లు చేయలేదు. అక్కడ అధికారుల పేళ్లు చెక్కిరి. సామాన్య భారతసిపాయిలను పటాలమునకు ఇంతమందియని అంకెవేసి వదలిరి. ఒకే సేన, ఒకే యుద్ధము, ఒకే చావు. ఐరోపావారు వచ్చి చూచుచోట పేరును, ఎడారిలో అంకెయు! ఇట్టి భేదములు జరిగినవని 2021లో ఆ సమాధుల సంరక్షణసంఘమే విచారణచేయించి యొప్పుకొన్నది. ఇంగ్లాండు మంత్రి పార్లమెంటున క్షమాపణ చెప్పెను. నూరేండ్ల తరువాత వచ్చిన యీ తీర్పును మేము త్రోసివేయము. వాది వారసులు విన్నారా యనునదే మా ప్రశ్న.

ఏలయనగా మనమును ఆ పేళ్లను వ్రాసికొనలేదు. మహాయుద్ధమున సముద్రము దాటిన మనవారు 10 లక్షలకు పైబడినవారు. తిరిగిరానివారు 70,000కు పైబడినవారు. 1917లో ఇండియా ప్రభుత్వము 10 కోట్ల పౌనుల ద్రవ్యమును ఇంగ్లాండునకు యుద్ధవ్యయమునకై సమర్పించెను. 1918లో గాంధిమహాత్ముడే ఖేడా జిల్లాలో కాలినడకను తిరిగి సైన్యమున చేరుడని రైతులనడిగెను. వీనికన్నిటికి ప్రత్యుపకారము 1919 మార్చిలో రౌలటు చట్టరూపమున వచ్చెను. ఏప్రిలు 13న జలియన్‌వాలాబాగులో, ఎక్కువమంది సిపాయిలనిచ్చిన ఆ పంజాబుమీదనే, తుపాకులు ప్రేలెను. ఆ గాయముతో దేశము సిపాయిని మరచినది. సర్కారు కోటు తొడిగినవాడు మనవాడెట్లగునని ముఖము త్రిప్పుకొన్నది.

ఆ సిపాయి మాత్రము మనలను మరువలేదు. గఢవాలీని మనస్సున నుంచుకొనుడంటిమి గదా. 1930 ఏప్రిలు 23న పెషావరునందు కిస్సాఖానీ బజారులో నిరాయుధులైన జనముపై కాల్చుడని గఢవాల్ రైఫిల్సు దళమొకదానికి ఆజ్ఞయైనది. వారు కాల్చలేదు. హవల్దారు చంద్రసింహుడు వారికి నాయకుడు. అతడు 1915లో ఫ్రాన్సునకు పోయినవాడు, పిదప మెసపొటేమియాలో పోరాడినవాడు. జనములో అధికభాగము ముసల్మానులు, కాల్చవలసినవారు హిందువులు. ఆ భేదము పనిచేయునని తలచిన యధికారుల లెక్క తప్పెను. సైనికన్యాయస్థానమున వారి పక్షమున వాదించినవాడు బారిష్టరు ముకుందీలాలు. చంద్రసింహునకు యావజ్జీవశిక్ష పడెను. 1941లో గాని విడుదల కాలేదు. 1914 క్రిస్టమసునాడు తుపాకి దించిన పటాలమును, 1930లో తుపాకి యెత్తనొల్లని పటాలమును ఒక్కటే. మొదటిది ఒక దినపు ముచ్చటగా గడచినది. రెండవదానికి మనుష్యులు తమ యుద్యోగమును, పింఛనును, స్వేచ్ఛను ధారపోసిరి. కూలివారని మనము తీసివేసినవారే యిట్లు చేసిరి.

ఇందులో తెలుగువారి పాలెంతయని మీరడుగవచ్చును. ఫ్రాన్సునకు పోయిన ఆ తొలి సేనలో మనవారు లేరనదగినంత తక్కువ. దానికి కారణము మన పిరికితనము కాదు. ఒకప్పుడు ఇంగ్లీషువారికి దక్షిణదేశమంతయు గెలిచిపెట్టిన మదరాసుసేనలో తెలుగు సిపాయి ముఖ్యుడే. తరువాత మదరాసులోను, పిమ్మట దేశమంతటికిని సేనాధిపతియైన రాబర్ట్సు దొర, కొన్ని జాతులకే వీరత్వము కలదని సిద్ధాంతముచేసి, దక్షిణాదివారిని తగ్గించుచు వచ్చెను. వీరజాతులను పట్టికలో మనపేరు కొట్టివేసిరి. అయినను మదరాసు శాపర్ల పటాలమున తమిళులతో కలిసి తెలుగువారును మిగిలిరి. మెసపొటేమియాలో ఆ పటాలమువారు వంతెనలు కట్టిరి. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము గ్రామమును చూడుడు. రెండు మహాయుద్ధములకును అచ్చటినుండి సిపాయిలు తరలిరి. నేటికిని ఇంటింట సైనికుడు గల యూరని దానికి పేరు.

గఢవాలులో చంబాయను ఊరు కలదు. నవ్ షాపెల్‌లో 1915 మార్చి 10న కూలి విక్టోరియా క్రాసు పొందిన గబ్బర్‌సింహుని పేరిట అచ్చట ఏటేట తిరునాళ్లు జరుగును. కొండజనులు తమ పిల్లలను భుజములపై నెక్కించుకొని వత్తురు. మన జిల్లాలలో అట్టిది మేమెరుగము. కావున మా మనవి యొకటి. మీ యిండ్లలోను, మీ చుట్టుపట్ల గ్రామములలోను, అటకలపైని ట్రంకుపెట్టెలలో పాత డిశ్చార్జి కాగితములు, పటాలపు అంకె చెక్కిన పతకములు, బస్రానుండియో ఇటలీనుండియో బర్మానుండియో వచ్చిన కార్డులు పడియుండును. వానిని తూకమునకు వేయకుడు. ఈ పఠనమందిరమునకు తెండు. పేరు, ఊరు, పటాలము, పోయిన సంవత్సరము, తిరిగివచ్చినదియు రానిదియు ఒక పుస్తకములో నెక్కించి, కాగితములు మీవి మీకు ఇచ్చివేయుదుము. పుస్తకము కొన్నాము, గ్రంథపాలకుని బల్లమీద నున్నది. ఆదివారమునాడు ఉదయము 8 గంటలనుండి మాలో ఇద్దరము ఇచ్చట కూర్చుందుము.