స్త్రీల స్థౌల్యము - దేహమున దాగిన తాపము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



వైద్యులము కాని మాకు ఈ విషయమేల యని కొందరు శంకింపవచ్చును. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము అతిస్థూలునిగూర్చియు అతికృశునిగూర్చియు చెప్పుచున్నది. అతిస్థూలునియందు మేదస్సొక్కటియే పెరిగి తక్కిన ధాతువులు పెరుగవని చరకుని మతము. దానిని చదివిన కౌతుకముచేతనే నవీనుల మతమునుగూడ విచారించితిమి.

క్రొవ్వనగా గాదెలోని ధాన్యమువలె ఊరక నిలువయుండునదని మనము తలంచియుంటిమి. అది యట్లు కాదు. 1994వ సంవత్సరమున న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమున ఫ్రీడ్‌మన్ మహాశయుడును ఆయన సహచరులును, క్రొవ్వునుండియే పుట్టి ఆకలిని శాసించు లెప్టినను హార్మోనును కనిపెట్టిరి. అనగా క్రొవ్వుగూడ ఒక గ్రంథియే. అది మితిమీరి, ముఖ్యముగా ఉదరమున చేరినప్పుడు, దేహరక్షకకణములు అందు గుమిగూడి శోథజనకములగు ద్రవ్యములను రక్తములోనికి విడుచును. వాని ప్రేరణమున కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీనును అధికముగా పుట్టించును. జ్వరము లేదు, నొప్పి లేదు; నివురుగప్పిన నిప్పువలె లోలోన రగులుచుండును. అమెరికాలో 1999లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున, ఈ ప్రోటీను హెచ్చుగానుండు సంభావ్యత సామాన్యదేహులకంటె స్థూలపురుషులలో సుమారు 2 రెట్లు, స్థూలస్త్రీలలో సుమారు 6 రెట్లు కానవచ్చెను.

స్త్రీల విషయమున కథ ఇంతటితో ముగియదు. బరువుతోపాటు ఇన్సులిను హెచ్చును. అది హెచ్చగా, లైంగిక హార్మోనులను బంధించియుంచు ప్రోటీనును కాలేయము తగ్గించును. బంధము వీడిన టెస్టోస్టీరోను రక్తమున స్వేచ్ఛగా సంచరించును. ఋతుక్రమము తప్పుట, మొగమున రోమములు మొలచుట, సంతానము ఆలస్యమగుట తరచుగా దీని ఫలములే. ముట్లుడిగిన పిమ్మట మరొక విపరీతము. అండాశయము విశ్రమించినను క్రొవ్వు ఈస్ట్రోజెనును పుట్టించుచునే యుండును. కావుననే ఆ వయస్సున స్థూలకాయలకు స్తన, గర్భాశయ క్యాన్సరుల భయ మెక్కువ.

ఇక మన యిండ్ల మాట. బాలికకు నెలలు తప్పుచున్నచో, సంబంధములు తప్పిపోవునను భయమున దాచి, పెండ్లియైన సర్దుకొనునని తల్లులు ఊరకుందురు. పెండ్లి దీనికి ఔషధము కాదు. అత్తవారింట సంతానము కలుగలేదని నిందపడునది ఆ పిల్లయే. సంబంధములు మాటలాడుకొను ఈ సభలోనే ఈ మాట చెప్పక తప్పదు. సన్ననివారికిని ఈ దోషము కలుగుననియు, స్థూలకాయను సోమరియని ఎగతాళిచేయుట అన్యాయమనియు గూడ తెలియవలెను. మిగిలిన యన్నము పారవేయ మనసొప్పక తాను తినునది గృహిణియే గదా!

2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో అధికభారముగలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 36, తెలంగాణమున 30. ఉపాయము లేకపోలేదు. 70 కిలోల స్త్రీ 4 మొదలు 7 కిలోలు తగ్గినను శోథము తగ్గును. పెక్కుమందికి ఋతువు క్రమపడును. మన బాలికల వసతిగృహములలో అతిథులకు భోజనశాలను చూపుదుముగాని ఆటస్థలమును చూపము, చూపుటకు ఉన్నగదా!

వచ్చు సభనాటికి స్త్రీలకు రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించి, నడుము కొలిపింపవలెనని మా ప్రార్థన. వారికి హద్దు 80 సెంటీమీటర్లు. మగవారినిగూడ కొలువవలెనని మా గృహిణి పట్టు. వారికి హద్దు 90. దానిని దాటినవారు ఈ వేదికమీదనే కొందరు కలరు.