మన ఎండకు, మన వానకు లెక్క రాసేదెవరు?

(కొత్తచెరువులో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డిగ్రీ అయిపోతావుంది, తర్వాత ఏం చదవాలన్నా అని నన్ను అడగని పిల్లోడు ఈ మండలంలో లేడు. అడిగిన నోటితోనే సగం మంది జవాబూ చెప్పేస్తారు, 'బెంగళూరు పోతాం' అని. పోండి, కాదనను. పోయి ఏ కుర్చీలో కూర్చుంటారనేదే నా ప్రశ్న.

మన చుట్టూ ఏం జరిగిందో చూడండి. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా వచ్చింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. నంబులపూలకుంటలో 1500 మెగావాట్ల లక్ష్యంతో సోలార్ పార్కు మొదలైతే, 2016 నాటికే అక్కడ ఎన్‌టీపీసీ కరెంటు తీసింది. గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, జీఎస్టీ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించారు. భూమి మనది, ఎండ మనది. గేటు కాడ సెక్యూరిటీ డ్రెస్సులో మనోళ్లు కనపడతారు. లోపల ఫైనాన్స్ గదిలో, పర్యావరణ నివేదిక రాసే టేబుల్ దగ్గర ఎంతమంది కనపడతారో మీరే పోయి చూసి రండి.

ఇది మన పిల్లల తెలివితక్కువతనం కాదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో ఉన్నా దాని కింద అనంతపురంలో ఒక కేంద్రం పెంచుతామని మాటిచ్చారు. ఆ అనంతపురానికి పీజీ సెంటర్ వచ్చింది 1968లో, అదీ తిరుపతి యూనివర్సిటీ కింద. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది 1981లో. మాటకూ యూనివర్సిటీకీ మధ్య 44 ఏళ్లు! రెండు తరాలు చదువు కోసం ఊరు దాటి పోయినాయి, పోలేనోళ్లు ఆగిపోయినారు.

సరే, ఇప్పుడేముందో చూద్దాం. ఎస్కేయూలో ఎంబీఏ ఉంది, ఐసెట్ రాసి చేరొచ్చు. పక్కనే పుట్టపర్తిలో సత్యసాయి విశ్వవిద్యాలయం కూడా 1981లోనే వచ్చింది. అక్కడ ఎంబీఏకి ట్యూషన్ ఫీజు లేదు. ప్రవేశ పరీక్షకు దేశమంతటి నుంచీ వస్తారు, మనం మాత్రం ఆటో దూరంలో ఉండి దరఖాస్తు పెట్టం! అనంతపురంలో 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. దానికి సీయూఈటీ రాయాలి. నోటిఫికేషన్ వచ్చి పోయినాక తెలిసిందనే మాట ఇకమీద వినపడకూడదు. బయటికి పోగలిగితే గుజరాత్ ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఇర్మా ఉంది, 1979 నాటిది. 2025లో దాన్ని సహకార విశ్వవిద్యాలయంగా మార్చారు. అడవుల మేనేజ్‌మెంట్‌కు భోపాల్ ఉంది.

అయితే ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. వ్యాపారం ఒక చదువు, ఫైనాన్స్ ఇంకో చదువు, పర్యావరణం మూడో చదువు అని మూడు గదుల్లో పెట్టి తాళాలేసినారు. మన బతుకులో అవి మూడూ ఒకే గదిలో ఉన్నాయి. 2003లో మహబూబ్‌నగర్‌లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమా అమ్మినాయి. పంట ఎండిందా లేదా అని ఎవరూ చూడరు. వానకొలత పరికరంలో ఇన్ని మిల్లీమీటర్లకు తక్కువ పడితే ఇంత సొమ్ము, అంతే. వినడానికి బాగుంది. కానీ పరికరం ఉన్న చోట జల్లు పడి, నీ చేనులో చుక్క పడకపోతే? నీకు పైసా రాదు. ఆ తేడాను బీమా లెక్కల్లో 'బేసిస్ రిస్క్' అంటారు. కరువు సీమలో బీకాం చదివే పిల్లోడికి మొదట నేర్పాల్సిన పాఠం ఇది కదా!

కార్బన్ క్రెడిట్ కూడా అట్లాంటిదే. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తే ఒక క్రెడిట్. 2023లో కేంద్రం ఈ వ్యాపారానికి పథకం నోటిఫై చేసింది. రేపు ఎవడో ఫైలు పట్టుకొని మీ నాయన దగ్గరికొచ్చి, మీ చెట్ల మీద క్రెడిట్లు రాస్తాం, ఇన్నేళ్లకు సంతకం పెట్టు అంటాడు. ఆ కాగితం చదివేదెవరు? షేర్ మార్కెట్‌లోని పెద్ద కంపెనీలు వెయ్యి, 2022-23 నుంచి నీళ్లు ఎంత వాడినాం, చెత్త ఎంత పారేసినాం అని సెబీకి నివేదిక ఇవ్వాల్సిందే. దాన్ని రాయడానికీ, రాసింది అబద్ధమైతే పట్టుకోవడానికీ మనుషులు కావాలి.

ఈ చదువు మనకు కొత్తేం కాదు. మన ఊరి పేరులోనే చెరువుంది, పక్కనే బుక్కరాయల పేరున్న బుక్కపట్నం చెరువుంది. సీమలో దశబంధ మాన్యాలని ఉండేవి. చెరువు కట్టినోళ్లకు, దాన్ని బాగుచేస్తూ ఉండేవాళ్లకు భూమి, శిస్తులో రాయితీ ఇచ్చేవారు. చెరువు నిలిస్తేనే వాళ్ల రాబడి నిలిచేది. పర్యావరణానికి పెట్టుబడి ఎట్లా కట్టాలో అప్పుడే తెలుసు. ఇప్పటి మాటకొస్తే చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. అక్కడ 'ధరణి' అనే రైతుల సొంత సహకార సంఘం సేంద్రియ చిరుధాన్యాలు కొని, శుభ్రం చేసి, అమ్ముతోంది. ఎంబీఏ పుస్తకంలో అమెరికా కంపెనీ కథ చదివే బదులు ఒక నెల అక్కడ ఖాతా పుస్తకాల ముందు కూర్చుంటే ఎంత నేర్చుకోవచ్చు! పొదుపు సంఘం అక్కలారా, మీరు నవ్వుతున్నారు గానీ, కిస్తీ తప్పినోళ్ల దగ్గర మాట పోకుండా డబ్బు రాబట్టే విద్య ఏ ప్రొఫెసర్‌కు వచ్చు?

ఇంక పర్యావరణ పేపరు సంగతి. 1991లో సుప్రీంకోర్టు చెబితే, 2003లో యూజీసీ డిగ్రీకి సిలబస్ తయారు చేసింది. పాసు మార్కుల కోసం గైడు కొని రాసే పేపరుగా దాన్ని మనమే మిగిల్చినాం. ధర్మవరం పట్టుకు రంగేసిన నీళ్లు ఎటు పోతాయో ఆ గైడులో లేదు. సోలార్ పలకల మీద దుమ్ము కడగడానికి నీళ్లు యాడనుంచి తేవాలో లేదు.

డబ్బు సంగతి దాచిపెట్టి ఎంత ఉపన్యాసం చెప్పినా దండగే. 2020 డిసెంబర్‌లో జీవో 77 ఇచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివే పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసినారు. ఆడపిల్లల చదువు మీద ఆ దెబ్బ ఎట్లా పడిందో రోడ్డెక్కిన మాకు తెలుసు. అందుకే ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు, హాస్టల్ గది అనేవి మనకు అన్నం కంచంతో సమానం.

ఈ సభ తరఫున ఎస్కేయూ వైస్‌చాన్సలర్‌కు ఒక అర్జీ రాసినాం. కామర్స్, మేనేజ్‌మెంట్, పర్యావరణం కలిపి ఒక పీజీ కోర్సు పెట్టాలని, పాఠాలకు చెరువు, వేరుశనగ, పట్టు, సోలార్‌ను తీసుకోవాలని, విద్యార్థుల ఇంటర్న్‌షిప్ ఈ జిల్లా ఊళ్లలోనే జరగాలని అందులో ఉంది. కంపెనీలు 2013 కంపెనీల చట్టం కింద ఖర్చుపెట్టాల్సిన సామాజిక బాధ్యత సొమ్ములోంచి స్కాలర్‌షిప్‌లు అడగమనీ ఉంది. కాగితం ఆ మూల బల్ల మీద పెట్టినాం. సంతకం కింద మీ కాలేజీ పేరు, ఏ సంవత్సరమో కూడా రాయండి. సోమవారం అనంతపురం పోతున్నాం, పొద్దున మొదటి బస్సుకి. వచ్చేవాళ్లు పేర్లు ఇచ్చిపోండి.