పార్లమెంటు ఎజెండా కాగితంలో రైతు ఎక్కడ?

(ఇబ్రహీంపట్నం మండలం శేరిగూడలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు పార్లమెంటు ఎజెండా గురించి మాట్లాడతాం అనగానే కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వడ్ల పైసలు ఇంకా పడలేదు, యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి వస్తున్నాం, ఇప్పుడు ఢిల్లీ కాగితం మనకెందుకు అని. ఆ వడ్ల పైసల సంగతి, ఆ యూరియా సంగతి అడగాల్సిన చోటు కూడా ఆ కాగితంలోనే ఉంది. అందుకే తెచ్చాం.

మన గ్రామసభకు ఎజెండా ఉంటుంది. సొసైటీ మహాజన సభకు ఎజెండా ఉంటుంది. ఎజెండాలో లేని విషయాన్ని చివర్లో గడబిడగా తీర్మానం చేయించుకుంటే మనం ఊరుకోం, పుస్తకం గుంజుకుని మరీ అడుగుతాం. పార్లమెంటుకు కూడా ఏ రోజుకారోజు ఒక కాగితం అచ్చవుతుంది. దాన్ని ‘లిస్ట్ ఆఫ్ బిజినెస్’ అంటారు. ఏ మంత్రి ఏ పత్రం సభ ముందు పెడతాడు, ఏ బిల్లు వస్తుంది, ఏ చర్చ ఉంటుంది అన్నీ అందులో వరుసగా ఉంటాయి. అది రహస్య పత్రం కాదు. ఫోనులో ఎవరైనా చూడొచ్చు.

లోక్‌సభలో పొద్దున 11 గంటలకు ప్రశ్నల గంట. చుక్క గుర్తు ఉన్న ప్రశ్నలు రోజుకు 20 ఉంటాయి. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు మళ్లీ అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి రాతలో జవాబు వస్తుంది. రాజ్యసభలో ప్రశ్నల గంట మధ్యాహ్నం 12కు. ఆ తర్వాత బిల్లులు. శుక్రవారం మధ్యాహ్నం మంత్రులు కాని సభ్యులు తెచ్చే ప్రైవేటు బిల్లులు. ఇదీ వరుస. ఈ వరుసలో ఏదైనా మాయమైతే, మాయమైన చోటనే మన మెడకు ఉరి తయారవుతుంది. ఇది పెద్ద మాట అనిపిస్తే రెండు రోజుల కథ వినండి.

మొదటిది 2020 సెప్టెంబర్ 20. ఆదివారం. కరోనా కాలం. ఆ సమావేశాల్లో ప్రశ్నల గంటనే తీసేశారు. ప్రైవేటు బిల్లుల శుక్రవారాలు తీసేశారు. జీరో అవర్‌ను అరగంటకు కుదించారు. కరోనా వల్ల తగ్గించామన్నారు. అదే కరోనాలో జూన్ 5న మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు తేవడానికి మాత్రం ఏ అడ్డమూ రాలేదు. ఆ ఆర్డినెన్సులే బిల్లులై సెప్టెంబర్ 17 నాటికి లోక్‌సభ దాటాయి. అదే రోజు హర్‌సిమ్రత్ కౌర్ బాదల్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు.

20వ తేదీన రాజ్యసభ కాగితంలో రెండు బిల్లులు. ఒకటి మార్కెట్ యార్డు బయట వర్తకం గురించి, రెండోది కాంట్రాక్టు వ్యవసాయం గురించి. మొదటి దాంట్లో ఉన్నదేమిటి? పాన్ కార్డు ఉన్న వ్యాపారి ఎవరైనా యార్డు బయట మన పంట కొనొచ్చు. మార్కెట్ ఫీజు లేదు. డబ్బు అదే రోజు గానీ, మూడు పని దినాల్లో గానీ ఇవ్వాలట. ఇవ్వకపోతే? సివిల్ కోర్టుకు పోవడానికి వీల్లేదు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాలి. అంటే మనకు ఆర్డీవో. పట్టా పాసుపుస్తకంలో ఒక అక్షరం దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతామో మీకు తెలుసు. ఎక్కడి నుంచో లారీ వేసుకొచ్చిన వ్యాపారి నుంచి ఆ ఆఫీసు మన డబ్బు వసూలు చేసి పెడుతుందని నమ్మాలా? యార్డులో అడ్తిదారు మోసం చేయడని మేము చెప్పడం లేదు. చేస్తాడు. కానీ వాడి దుకాణం ఎక్కడుందో తెలుసు, లైసెన్సు ఎవరిచ్చారో తెలుసు, పదిమందిమి పోయి కూర్చుంటే సమాధానం చెప్తాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. రాజ్యాంగంలో వ్యవసాయం, మార్కెట్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆహార పదార్థాల వర్తకం ఉమ్మడి జాబితాలో ఉంది కదా అని ఆ తలుపు నుంచి కేంద్రం లోపలికి వచ్చింది. ఇది సరైనదేనా అని తేల్చాల్సింది చర్చలోనే, సెలెక్ట్ కమిటీలోనే.

సెలెక్ట్ కమిటీకి పంపాలని ప్రతిపక్ష సభ్యులు తీర్మానాలు పెట్టారు. వాళ్లలో కె.కె. రాగేష్ ఉన్నారు, తిరుచి శివ ఉన్నారు, డెరెక్ ఓబ్రియన్ ఉన్నారు. సభ సమయం పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 గంట దాకా. 1 గంట అయింది. మంత్రి జవాబు రేపు పెట్టుకుందాం అని ప్రతిపక్షం అడిగింది. కుర్చీలో ఉన్న డిప్యూటీ చైర్మన్ హరివంశ్ సభను కొనసాగించారు. గొడవ మొదలైంది. ఓట్లు లెక్కపెట్టండి, డివిజన్ ఇవ్వండి అని అడిగారు. ఇవ్వలేదు. ‘అవును’ అన్నవాళ్ల గొంతు, ‘కాదు’ అన్నవాళ్ల గొంతు విని బిల్లులు ఆమోదం పొందాయన్నారు. మూజువాణి ఓటు.

డివిజన్ అడిగిన సభ్యులు తమ సీట్లలో లేరు కాబట్టి ఇవ్వలేదని తర్వాత వివరణ వచ్చింది. కనీసం ఇద్దరు సీట్లలో నుంచే అడిగారని సభ వీడియో చూసిన పత్రికలు రాశాయి. ఆ రోజు కొందరు సభ్యులు పోడియం మీదికి ఎగబడ్డారు, కాగితాలు చిరిగాయి, మైకులు లాగారు. మా వైపు మాట్లాడినవాళ్లే అయినా దాన్ని మేము గొప్పగా చెప్పం. కానీ సభలో అల్లరి జరిగితే శిక్ష సభ్యులకు పడాలి. మర్నాడు ఎనిమిది మందిని సస్పెండ్ చేశారు కూడా. మరి లెక్కపెట్టకుండా పోయిన ఓటు శిక్ష ఎవరికి పడింది? ఆ చలికాలం సింఘు, టిక్రీ, ఘాజీపూర్ రోడ్ల మీద ట్రాలీల్లో పడుకున్నవాళ్లకు పడింది.

ఆ రోజు మన తెలుగువాళ్లు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. తెలంగాణ నుంచి టీఆర్‌ఎస్ ఆ బిల్లులను వ్యతిరేకించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వైఎస్సార్‌సీపీ బలపరిచింది. కానీ డివిజన్ జరగలేదు కాబట్టి, ఏ సభ్యుడు ఏ బటన్ నొక్కాడో చరిత్రలో పేరు పేరునా రాత లేదు. రేపు ఓటు అడగడానికి వచ్చినప్పుడు, ‘ఇదిగో నీ ఓటు’ అని చూపించే కాగితం మన చేతిలో లేదు. మూజువాణి ఓటుతో రైతుకు జరిగే అసలు నష్టం ఇదే.

(మధ్యలో ఒక మాట. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసైనప్పుడు టీవీ ప్రసారం ఆగిపోయింది. తెలంగాణ వచ్చిన సంతోషం మనది, దాన్ని ఎవరూ తీసుకుపోలేరు. కెమెరా ఆపే పద్ధతి మాత్రం ఏ బిల్లుకైనా చెడ్డదే.)

రెండో రోజు 2021 నవంబర్ 29. శీతాకాల సమావేశాల మొదటి రోజు. పది రోజుల ముందు, గురునానక్ జయంతి నాడు, చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించారు. ఆ రోజు కాగితంలో రద్దు బిల్లు ఉంది. లోక్‌సభలో మధ్యాహ్నం 12 దాటాక పెట్టారు, నాలుగైదు నిమిషాల్లో పాసైంది. మధ్యాహ్నం రాజ్యసభ. అక్కడ ప్రతిపక్ష నాయకుడు ఖర్గేకు మాట్లాడటానికి రెండు నిమిషాలు దొరికాయి. అయిపోయింది.

గెలిచాం కదా, ఇంకా చర్చ ఎందుకు అని మనలో చాలామంది అన్నారు. ఎందుకో చెప్తాం. ఆ రద్దు బిల్లు వెనక ఉద్దేశాలు, కారణాలు అని ఒక పేజీ ఉంటుంది. ఈ చట్టాలు రైతుల మేలు కోసమేనని, ఒక గుంపు రైతులు మాత్రమే వ్యతిరేకించారని అందులో రాసుకున్నారు. చర్చ ఉంటే ఆ మాటను సభలోనే ఎవరో ఒకరు ఖండించి రికార్డులోకి ఎక్కించేవాళ్లు. మద్దతు ధరకు చట్టం ఎప్పుడు అని అడిగేవాళ్లు. చనిపోయిన రైతుల పేర్లు చదివేవాళ్లు.

మర్నాడు, నవంబర్ 30న, లోక్‌సభలో ఒక రాత జవాబు వచ్చింది. ఉద్యమంలో చనిపోయిన రైతుల సంఖ్య ఎంత, కుటుంబాలకు సాయం చేస్తారా అని ప్రశ్న. వ్యవసాయ శాఖ దగ్గర అటువంటి రికార్డు ఏదీ లేదు, కాబట్టి ఆ ప్రశ్నే తలెత్తదు అని జవాబు. 700 మందికి పైగా చనిపోయారని సంయుక్త కిసాన్ మోర్చా చెప్పింది. ఢిల్లీ దగ్గర రికార్డు లేదన్న ఆ కుటుంబాలకు మన తెలంగాణ ప్రభుత్వం 3 లక్షల రూపాయల చొప్పున ఇస్తామని ప్రకటించి, 2022 మేలో చండీగఢ్‌లో చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటి నంబరు, పేరు లేకుండా చెక్కు రాయరు కదా. ఇక్కడ తయారైన జాబితా అక్కడెందుకు తయారు కాలేదు?

అయినా చూడండి, ఆ జవాబు మన చేతికి ఎట్లా వచ్చింది? ఎవరో సభ్యులు ప్రశ్న వేశారు కాబట్టి. వాళ్ల నోటితోనే, వాళ్ల రాతలోనే ‘రికార్డు లేదు’ అనిపించగలిగాం. అందుకే ప్రశ్నల గంటను వదులుకోవద్దు అంటున్నాం. అదే శీతాకాలంలో యాసంగి వడ్లు కేంద్రం కొనాలని టీఆర్‌ఎస్ ఎంపీలు సభలో నిలబడ్డారు. మంచిదే. తర్వాత డిసెంబర్ మొదట్లో మిగిలిన సమావేశాలన్నీ బహిష్కరించి ఇంటికి వచ్చేశారు. మన కల్లాల్లో వడ్లు ఉన్నాయి, వాళ్లు సభలో లేరు. అలిగి లేచొస్తే తర్వాతి రోజు కాగితంలో మన ప్రశ్నలు ఎవరు అడగాలి?

కాగితాన్ని పట్టుకుని కొట్లాడితే ఆగిన బిల్లులు కూడా ఉన్నాయి. మన పక్కనే యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మాసిటీ పేరుతో భూములు పోయిన రైతులకు 2013 భూసేకరణ చట్టం విలువ ఏమిటో తెలుసు. రైతు ఒప్పుకోలు, సామాజిక ప్రభావ అంచనా అందులో ఉన్నాయి. 2014 డిసెంబర్ 31న ఆర్డినెన్సు తెచ్చి చాలా రకాల ప్రాజెక్టులకు ఆ రెండింటినీ తీసేయబోయారు. 2015 మార్చి 10న లోక్‌సభ పాస్ చేసింది. రాజ్యసభలో బలం లేదు, బయట రైతు సంఘాలు ఊరుకోలేదు. మే నెలలో అది రెండు సభల ఉమ్మడి కమిటీకి పోయింది. ఆగస్టు 31న ఆర్డినెన్సు గడువు తీరింది, బిల్లు అక్కడే ఆగింది.

విద్యుత్ సవరణ బిల్లు కూడా అంతే. 2021 డిసెంబర్ 9న రైతు సంఘాలకు ఇచ్చిన లేఖలో, మీతో మాట్లాడాకే బిల్లు తెస్తామన్నారు. 2022 ఆగస్టు 8న లోక్‌సభ కాగితంలో ఆ బిల్లు ప్రత్యక్షమైంది. మాట్లాడింది లేదు. కానీ ఆ రోజు పెద్ద వ్యతిరేకత వచ్చి స్టాండింగ్ కమిటీకి పోయింది, 2024లో ఆ లోక్‌సభతో పాటే కాలం చెల్లింది. బోరు మోటారు మీద బతికే మన మండలంలో మీటర్ల సంగతి ఎంత భయమో నేను చెప్పక్కర్లేదు. కొత్త రూపంలో మళ్లీ రాదని నమ్మకం లేదు, వస్తే ముందు కనబడేది ఈ కాగితంలోనే.

2021 జూలైలో ఢిల్లీ సరిహద్దుల్లోని రైతులు దీన్ని చేసి చూపించారు. 22వ తేదీ నుంచి రోజుకు 200 మంది జంతర్ మంతర్ చేరి కిసాన్ సంసద్ నడిపారు. స్పీకర్‌ను పెట్టుకున్నారు, ఏ రోజు ఏ చట్టం మీద చర్చో ముందే నిర్ణయించుకున్నారు. జూలై 26న మొత్తం మహిళలే సభ నడిపారు. ఆగస్టు 6న 14 పార్టీల నాయకులు వస్తే వేదిక ఎక్కనివ్వలేదు, రైతులు మాట్లాడుతుంటే కింద కూర్చుని విన్నారు. అసలు పార్లమెంటులో ఏం చేయాలో చెబుతూ ఎంపీలకు ఓటర్ల పేరుతో విప్ కూడా జారీ చేశారు. పార్టీ విప్‌కు భయపడే ఎంపీ ఓటరు విప్‌కు ఎందుకు భయపడడు? మనం ఎప్పుడూ జారీ చేయలేదు కాబట్టి.

శుక్రవారం ప్రైవేటు బిల్లుల మాట చెప్పాం కదా. రైతు సంఘాలన్నీ కూర్చుని రాసిన రెండు బిల్లులను, రుణ విముక్తికి ఒకటి, గ్యారంటీ మద్దతు ధరకు ఒకటి, 2018లో మహారాష్ట్ర ఎంపీ రాజు శెట్టి లోక్‌సభలో పెట్టారు. చట్టం కాలేదు. కానీ మద్దతు ధరకు చట్టం సాధ్యం కాదు అనేవాళ్లకు చూపించడానికి అచ్చయిన బిల్లు ఒకటి ఉంది. 2024 డిసెంబర్‌లో పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘమే మద్దతు ధరకు చట్టబద్ధత ఇవ్వాలని సిఫారసు చేసింది. ఏ రైతు సంఘమో కాదు, అన్ని పార్టీల ఎంపీలు కూర్చున్న కమిటీ.

మరి మనం చేయాల్సింది. మన ఇబ్రహీంపట్నం భువనగిరి లోక్‌సభ స్థానంలో ఉంది. ప్రశ్న వేయాలంటే ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత చీటీల్లో పేరు రావాలి. అంటే సమావేశాలు మొదలయ్యాక దరఖాస్తు పట్టుకుని పోతే దండ వేసి ఫోటో దిగి రావడమే. ముందే పోవాలి. సమావేశాలు జరిగినన్ని రోజులు మన పిల్లల్లో ఇద్దరు సాయంత్రం పూట మర్నాటి కాగితం తీసి, వ్యవసాయం, ఎరువులు, కరెంటు, భూమి, ఉపాధి హామీ ఉన్న పేజీలు గ్రామ పంచాయతీ దగ్గర అంటిస్తారు. ఇంగ్లిషు ముక్కలు వాళ్లే తెలుగులో రాస్తారు.

ఎంపీకి ఇవ్వడానికి మూడు ప్రశ్నలు అనుకున్నాం. ఒకటి, కేంద్రం కోసం సేకరించిన వడ్లకు, తూకం వేసిన రోజుకు, రైతు ఖాతాలో పైసలు పడిన రోజుకు మధ్య రంగారెడ్డి జిల్లాలో ఎన్ని రోజులు పడుతోంది, మిల్లులో తరుగు పేరుతో ఎంత కోశారు. రెండు, 2022 జూలైలో వేసిన మద్దతు ధర కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, నివేదిక ఎప్పుడు ఇస్తుంది. మూడోది ఖాళీగా వదిలాం. కౌలు రైతులు, కూరగాయలు పండించే అక్కలు చెప్పాలి అది. కాగితం, పెన్ను ఈ టేబుల్ మీద ఉన్నాయి. చాయ్ తాగి వచ్చి కూర్చోండి, రాద్దాం.