తనంతట తానే నిండే తుపాకీ

శ్రీకాళహస్తి, చిత్తూరు సీమల పాళెగాళ్ల భటులు మోసిన వత్తి తుపాకీలో ప్రతి కాల్పుకూ గొట్టం మూతి నుంచి మందూ గుండూ కూరి నిప్పు వత్తి తాకించవలసి వచ్చేది. నేటికీ పోలీసు సెంట్రీల చేతుల్లో కనిపించే ఎస్.ఎల్.ఆర్., అనగా సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, ఆ శ్రమనంతటినీ తానే చేసుకుంటుంది. బెల్జియం వారి ఫాల్ రైఫిల్‌ను అనుసరించి, 1962 చైనా యుద్ధం తరువాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన ఈ తుపాకీ క్యాలిబర్, అనగా గొట్టం లోపలి వ్యాసం, 7.62 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి.

దీని పనితీరు నిజంగా మెచ్చదగినది. తూటా గొట్టంలో దూసుకుపోతుండగా, దానిని తరిమే వాయువులో కొంత భాగం గొట్టంపైనున్న సన్నని రంధ్రం గుండా పైకెక్కి పిస్టన్‌ను వెనుకకు నెట్టగా, ఆ తోపుకు బోల్టు, అంటే తూటా గది తలుపు, తెరుచుకుని ఖాళీ తొడుగును బయటికి విసిరివేస్తుంది; ఆపై స్ప్రింగు బోల్టును ముందుకు తోయడంతో మ్యాగజైన్‌లోని కొత్త తూటా గదిలో చేరుతుంది. అయినా ట్రిగ్గర్‌ను వదిలి మళ్లీ నొక్కితేనే అది పేలుతుంది కనుక దీనిని సెమీ ఆటోమేటిక్ అంటారు. గొట్టంపైనున్న చిన్న రెగ్యులేటర్‌ను తిప్పి, మురికి పట్టినప్పుడు వాయువు తోపును పెంచుకోవచ్చు.

ఇంతటి కొలతల పని ఇంటి కొలిమిలో సాగేది కాదు. అడవి అంచు పల్లెల్లో వేటకు వాడే నాటు తుపాకీ అయినా సరే, లైసెన్సు లేకుండా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరమే. 2019 సవరణ తరువాత లైసెన్సుదారు సైతం సాధారణంగా రెండు తుపాకులకు మించి ఉంచుకోరాదు.