మోటారు ఇల్లు – చలి – డీజిలు ఇంజను

తెల్లవారుజామున పొలంలో ఆయిలింజను తిప్పడం చూసినవారికి ఈనాడు నేను చెప్పబోయే విషయం సగం తెలిసినట్లే. రైతు మొదట వాల్వును లేపి ఉంచే మీటను ఎత్తుతాడు. హ్యాండిలు పట్టి బరువైన చక్రాన్ని వడివడిగా తిప్పి, వేగం అందగానే మీట దించుతాడు. ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడి, పొగ చిమ్మి, లయ అందుకొంటుంది. అందులో నిప్పురవ్వ పుట్టించే సాధనం ఏదీ లేదు. మరి చమురు ఎట్లా అంటుకొన్నది?

ఈ ప్రశ్న చిన్ననాడే నాకు కలగవలసినది, కలుగలేదు. దాని ఫలితం మూడేండ్ల క్రిందట, నవంబరు చివరలో, జర్మనీలో అనుభవించాను. అక్కడ ఉద్యోగం చేసుకొంటున్న మా మేనల్లుడు ఒక మోటారు ఇల్లు అద్దెకు తీసుకొని, భార్యతో, నాలుగేండ్ల కూతురితో, నాతో బవేరియా దక్షిణాన ఆల్ప్స్ కొండల అంచుకు బయలుదేరాడు. పడక, పొయ్యి, స్నానపు గది అన్నీ అమర్చిన వ్యానునే మోటారు ఇల్లు అంటున్నాను. ఐరోపాలో ఇవి చాలావరకు డీజిలుతో నడిచేవే. 1981లో ఫోక్స్‌వాగన్ వారు తమ ట్రాన్స్‌పోర్టరు వ్యానులో 50 అశ్వశక్తి గల డీజిలు ఇంజను పెట్టారు. ఎగుడు దారిలో దాని వెనుక చిక్కుకొన్నవారి ఓర్పుకు అది పరీక్షే! అదే యేట ఇటలీలో ఫియట్ వారి డుకాటో వెలువడినది. నేటికీ ఐరోపాలోని మోటారు ఇళ్ళకు ఆ బండియే ప్రధానమైన పునాది.

రుడాల్ఫ్ డీజెల్ అనే ఇంజనీరు 1890ల తొలినాళ్ళలో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో జయప్రదంగా నడిపి చూపిన యంత్రానికి ఆధారమైన సూత్రం చాలా సరళమైనది. గాలిని హఠాత్తుగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం ముట్టుకొన్న ప్రతి కుర్రవానికీ ఇది అనుభవమే. డీజిలు ఇంజనులో ముషలకం, అంటే పిస్టను, లోపలి గాలిని పదహారవ వంతుకో, ఇంకా తక్కువకో కుదిస్తుంది. ఆ గాలి ఐదారు వందల డిగ్రీల వేడికి చేరుతుంది. అప్పుడు సన్నని తుంపరగా చమురు పడగానే దానంతట అదే మండుతుంది. కావున ఈ ఇంజనుకు కావలసినది వేడి. ఆ వేడి పుట్టాలంటే ముషలకం వడిగా కదలాలి. మెల్లగా కదిలితే గాలిలోని వేడి చల్లని ఇనుప గోడలలోకి జారిపోతుంది. రైతు ముందుగా చక్రానికి వేగం ఇవ్వడంలోని రహస్యం ఇదే.

మోటారు ఇంటిలో రైతు చేతుల పని స్టార్టరు మోటారు చేస్తుంది. చలిదేశాలలో దానికి తోడు గ్లో ప్లగ్గులు ఉంటాయి. ఇవి నిప్పురవ్వ ఇచ్చేవి కావు, ఎర్రగా కాలి లోపలి గాలిని వేడిచేసే చిన్న కడ్డీలు. తాళం ఒక మెట్టు తిప్పగానే ఎదుట చుట్టచుట్టిన తీగ ఆకారంలో ఒక పసుపుపచ్చని దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి, ఆ తరువాతనే స్టార్టరు తిప్పాలి. ఆగవలసినది కొద్ది సెకండ్లే అయినా తొందరపడనివారు అరుదు.

ఇక నా అపరాధం. ఈ వాహనాలలో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. ఒకటి ఇంజనుకు, రెండవది ఇంటికి. ఇంజను నడుస్తున్నంతసేపు రెండూ నిండుతాయి. ఆగిన తరువాత వాటి మధ్య సంబంధం తెగిపోతుంది. ఇంట్లో దీపాలు ఎంతసేపు వెలిగించుకొన్నా ఇంజను వాటా భద్రంగా ఉండాలని ఈ ఏర్పాటు. అయితే మా బండిలో డ్రైవరు ముందున్న రేడియో మాత్రం ఇంజను బ్యాటరీ మీద నడిచేది. ఆ రాత్రి అందరూ పడుకొన్నాక నేను ముందు సీటులో కూర్చొని, తాళం ఒక మెట్టు తిప్పి, అర్థం కాని భాషలో ఏదో నాటకం వింటూ నిద్రపోయాను. వృత్తి దోషం! రేడియోతోపాటు ఇంకా ఏమేమి కరెంటు తాగుతున్నవో నేను చూడలేదు.

నాలుగు గంటలకు పాపకు జ్వరం హెచ్చినది. ఆసుపత్రి పన్నెండు కిలోమీటర్ల దూరం. ఇంటి దీపాలు దివ్యంగా వెలుగుతున్నవి, హీటరు పనిచేస్తున్నది; కాని స్టార్టరు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయినది. "మామయ్యా, తాళం ఇట్లాగే ఉంచారా రాత్రంతా?" అని మాత్రం అన్నాడు మా మేనల్లుడు. తీవ్రమైన చలిలో బ్యాటరీ శక్తి సగానికి పడిపోవచ్చు. పైగా చిక్కబడిన నూనెలో ఇంజను తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. మిగిలి ఉన్న కాస్త శక్తినీ నా నాటకం మింగివేసినది.

చలికి ఇంజను కదలనప్పుడు కొందరు గాలి పోయే దారిలో ఈథరు స్ప్రే కొడతారు. మా మేనల్లుడు డిక్కీలో దొరికిన అటువంటి డబ్బా చేత పట్టుకొన్నాడు. ప్రక్క బండిలోని వృద్ధుడొకాయన అలికిడికి లేచి వచ్చి, మాట లేకుండా దానిని లాగుకొన్నాడు. ఎర్రగా కాలిన గ్లో ప్లగ్గుకు ఈథరు తగిలితే ప్రేలుడు సంభవించవచ్చునని, ఇంజను పగిలి మనిషికి కూడా ప్రమాదమని ఆయన తరువాత చెప్పాడు. తన బండిని దగ్గరకు తెచ్చి తీగలు కలిపాడు. ఎర్ర తీగ బ్యాటరీల ధన ధ్రువాలకు. నల్ల తీగ ఒక కొన తన బ్యాటరీ ఋణ ధ్రువానికి, చివరి కొన మాత్రం మా బ్యాటరీకి కాక దూరంగా ఇంజను ఇనుముకు. బ్యాటరీ నుండి వచ్చే హైడ్రోజను దగ్గర నిప్పురవ్వ రేగకూడదని ఈ జాగ్రత్త. పది నిమిషాలు ఆగమన్నాడు. పాప మూలుగుతుండగా ఆ పది నిమిషాలు ఎట్లా గడిచినవో చెప్పలేను.

ఆగిన ఆ సమయంలో ఆయన నేర్పిన పాఠం నా వంటి చెవి మనిషికి బాగా నచ్చినది. స్టార్టరు బరువుగా మూలిగితే బ్యాటరీ లోపం. వడిగా తిరిగీ వెనుక గొట్టంలో పొగ ఆనవాలే లేకపోతే చమురు అందడంలేదు. వడిగా తిరిగి తెల్లని పొగ వస్తే చమురు అందుతున్నది, వేడి చాలడంలేదు. గ్లో ప్లగ్గులను చూసుకోవాలి. చమురు అందకపోవడానికి చలిదేశంలో మైనం కూడ ఒక కారణం. డీజిలులోని మైనం గడ్డకట్టి వడపోతను మూసివేస్తుంది. అందుకే జర్మనీలో నవంబరు నడుమ నుండి ఫిబ్రవరి చివర వరకు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిని తట్టుకొనే డీజిలు అమ్ముతారు. వెచ్చని దక్షిణ దేశంలో ట్యాంకు నింపుకొని కొండ ఎక్కినవాడు తెల్లవారేసరికి చిక్కులో పడవచ్చు. వెచ్చదనం కోసం ఇంజను నడుస్తూండగా నిద్రించడం మాత్రం ఎన్నడూ తగదని ఆయన రెండుమార్లు చెప్పాడు. ఆ పొగలోని కార్బను మోనాక్సైడుకు వాసన లేదు.

పసుపు దీపం వెలిగి ఆరినది. స్టార్టరు ఈమారు చురుకుగా తిరిగినది. రెండు తెల్లని పొగమేఘాలు లేచినవి, పిదప ఇంజను నిలకడగా పలికినది. వెంటనే పరుగెత్తించవద్దు, నూనె పైకి చేరనివ్వండి అని చేయి ఊపి ఆ పెద్దాయన తన బండిలోకి వెళ్ళిపోయాడు. గ్యాసు సిలిండరు బిగించి, అలమర తలుపులు మూసి, మంచు దారిన మెల్లగా బయలుదేరాము. దిగుడులో మా మేనల్లుడు బ్రేకు నొక్కి ఉంచక, మన కనుమలలో లారీవారు చేసినట్లే, తక్కువ గేరులో ఇంజను బిగువు మీద దింపాడు. ఆసుపత్రి వాకిట పాపను లోపలికి తీసుకొనిపోతూ వాడు తాళం నా చేతిలో పెట్టలేదు, తన జేబులో వేసుకొన్నాడు.