పండుగలకు ముందు ఆసుపత్రి యెడల మన బాధ్యత

(సంక్రాంతికి ముందు బంధుగాంలో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంక్రాంతి సమీపించుచున్నది. ఇండ్లకు సున్నములు పడుచున్నవి. దుకాణములలో బెల్లము, నువ్వులు, కొత్త బట్టలు దిగుచున్నవి. పార్వతీపురము, సాలూరు, బొబ్బిలి ప్రాంతముల నుండి ఆడపడుచులు, అల్లుండ్రు రానున్నారు. పండుగ పిమ్మట శంబర పోలమాంబ జాతరకు ఇరు రాష్ట్రముల జనము కదలును. ఇట్టి సంతోష సమయమున ఆసుపత్రి ప్రసక్తి ఎందులకని కొందరు తలంపవచ్చును. పండుగ నాడు ఆ ప్రసక్తి రాకుండుటకే నేడు తెచ్చుచున్నాము.

మనలో పలువురము వర్తకులము. పెద్ద సంతకు పది దినములు ముందుగనే సరుకు లెక్క చూచుకొందుము. ఏది చాలదో వ్రాసికొని తెప్పింతుము. కొట్టులో ఎవరు కూర్చుండవలెనో, ఎవరు ఊరికి పోవుదురో ముందే నిర్ణయింతుము. సంత నాటి ఉదయమున గిడ్డంగి తలుపు తెరచి లేనిదానికై చింతించువాడు వర్తకుడు కాడు. ఉప్పు, పప్పులకే ఇంత జాగ్రత్త చూపు మనము, ప్రాణములను కాపాడు చోటును గూర్చి ఏ జాగ్రత్తయు లేక యుండుట తగునా?

పండుగ దినములలో ఆసుపత్రికి వచ్చు ఆపదలు మనకు తెలియనివి కావు. భోగిమంటల వద్ద, పిండివంటల నూనె మూకుళ్ల వద్ద కాలిన గాయములు; కోడిపందెముల కత్తి గాయములు; మితిమీరి జనమునెక్కించిన జీపులు, మద్యము సేవించి నడపిన మోటారు సైకిళ్ల వలని ప్రమాదములు; నిలవయున్న భోజనము, కలుషితమైన నీటి వలన వాంతులు, విరేచనములు. ఇవి యన్నియు ఒక్కమారుగ వచ్చును. సరిగా ఆ దినములలోనే ఆసుపత్రిలో మనుష్యులు తక్కువగ నుందురు.

అది వారి దోషమని మేము చెప్పుట లేదు. వైద్యులు, నర్సులు, మందులిచ్చువారు, రక్తపరీక్షలు చేయువారు, అంబులెన్సు నడుపువారు, ఊడ్చి శుభ్రపరచువారు - వీరిలో అనేకులు దూరపు జిల్లాల నుండి వచ్చినవారు. వారికిని తల్లిదండ్రులు కలరు, పిల్లలు కలరు, పండుగలు కలవు. సెలవుపై పోవువారు పోవుదురు. మిగిలిన నలుగురిపై పదిమంది పని పడును. ఆ నలుగురికి మనమేమి చేయుచున్నామన్నదే నేటి ప్రశ్న.

మా మనవి మూడు మాటలలో కలదు: వారికి తెలియజేయుట, వారు సిద్ధపడుటకు తోడ్పడుట, వారిని ఆదుకొనుట.

మొదటిది, తెలియజేయుట. ఏ జాతర ఏ తేదీన జరుగునో, ఎచట సంతర్పణ కలదో, ఎంత జనము రానున్నారో మనకు తెలియును. క్రొత్తగా బదిలీయై వచ్చిన వైద్యునికి ఎట్లు తెలియును? ఆ వివరములను ఒక కాగితముపై వ్రాసి పది దినములు ముందుగ ఆసుపత్రి అధికారికి అందజేయవలెను. అట్లే పండుగ దినములలో ఏ పూట ఎవరు విధిలో నుందురో ఆ పట్టిక నడిగి తెచ్చి, మన దుకాణముల ముందు అతికింపవలెను.

సమాచారము ఆలస్యమైనచో ఏమగునో ఈ సీమ చూచినది. 2007 వర్షకాలమున కొరాపుట్, రాయగడ, కలహండి జిల్లాలలో కలరా వ్యాపించి పలువురి ప్రాణములను గొనిపోయినది. కొండ గ్రామములలో మొదటి రోగి పడిన నాడే కబురు ఆసుపత్రికి చేరుట ఎంత ముఖ్యమో నాడు తేటతెల్లమైనది. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనములు పట్టినచో, నాలుగవవాని కొరకు వేచియుండక ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పవలెను.

రెండవది, సిద్ధపాటు. ఓఆర్‌ఎస్ పొట్లములు, కాలిన గాయములకు కట్లు, పాముకాటు మందు, కుక్కకాటు టీకా, కరెంటు పోయినచో జనరేటరుకు నూనె - ఇవి చాలినన్ని కలవా యని మర్యాదగ అడుగవలెను. లేనిచో పై అధికారులకు వ్రాయునప్పుడు మన సంఘము కూడ వ్రాయవలెను. ఇది తనిఖీ కాదు, తోడ్పాటు. అడుగు తీరులో ఆ భేదము కనబడవలెను.

సామాన్య జనుల సాయము ఎంత గొప్పదో తెలుపు వృత్తాంతమొకటి కలదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయమున పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థులలో కలరా చెలరేగెను. నరములోనికి ఎక్కించు సెలైను చాలకపోయెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువుల చేతనే త్రాగింపజేసెను. నూటికి 30గా నుండిన మరణములు నూటికి 4 కంటె తక్కువకు దిగెను. చదువురాని తల్లులు, అన్నదమ్ములు చేసిన పని అది. కనుక పొట్లము దొరకనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 సమచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి త్రాగించుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెనని ప్రతి ఇల్లాలికి తెలియవలెను. కాలిన గాయముపై సిరా, పేస్టు పూయక 20 నిమిషములు చల్లని నీటిధార పోయవలెను. ఇంట మనమీ పాటి చేసినచో ఆసుపత్రిలో వారి పని సగము సులువగును.

108 పిలుపు గూర్చి యొక మాట. మన సరిహద్దు గ్రామములలో సెల్‌ఫోను ఒక్కొక్కప్పుడు ఆంధ్ర టవరును అందుకొనును. అప్పుడు పిలుపు అటు పోవచ్చును. కావున మొట్టమొదట ఒడిశా యనియు, కొరాపుట్ జిల్లా, బంధుగాం బ్లాకనియు చెప్పి, పిమ్మట ఊరి పేరు చెప్పవలెను.

మూడవది, ఆదుకొనుట. పండుగ నాడు రాత్రి విధిలోనున్న నర్సుకు వేడి అన్నము దొరకునా? హోటళ్లు మూసియుండును. మన యింటి పండుగ భోజనములో కొంత ఆమెకు పంపుట దానము కాదు, మర్యాద. వేళ మించి పనిచేసిన మనిషికి గడియ వేసికొనదగిన గదియొకటి, శుభ్రమైన మరుగుదొడ్డి యొకటి ఉండవలెను. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో విధిలోనున్న యువ వైద్యురాలిపై అత్యాచారము, హత్య జరిగిన దారుణమును దేశమంతయు విన్నది. ఆడపిల్లలను దూరదేశమునకు ఉద్యోగమునకు పంపిన తల్లిదండ్రులు మనలోను కలరు. మన ఊరికి వచ్చిన పరాయి బిడ్డకు రక్షణ మన పూచీ కాదా?

రోగి వెంట పదిమంది పోయి కేకలు వేయుట మన ఊరి అలవాటు. ఇద్దరు లోపల నుండి, తక్కినవారు బయట నిలుచుట మేలు. లోపమున్నచో వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయుదము. చేయి చేసికొనుట ఎన్నడును కూడదు.

ఇక మన ప్రత్యేక కర్తవ్యము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రము ఏర్పడుటకు పూర్వము ఈ సీమ విశాఖపట్నము జిల్లాలోనిది. నాటి నుండి మనము తెలుగు బడికై, తెలుగు పుస్తకములకై అడుగుచునే యున్నాము, అడుగవలసినదే. కాని తరతరముల నివాసము మనకొక ఆస్తిని కూడ ఇచ్చినది. ఇంట తెలుగు, కచ్చేరిలో ఒడియా, సంతలో కువి - మూడును మనకు వచ్చును. కొండ నుండి దిగిన ముసలమ్మ తన నొప్పిని కువిలో చెప్పును. డాక్టరు ఒడియాలో అడుగును. నడుమ మాట తప్పినచో మందు తప్పును. పండుగ దినములలో పూటకొక యువకుడు, ఒక స్త్రీ ఆసుపత్రి వద్ద దుబాసీలుగ కూర్చున్నచో, మన భాషా సంపద ఎవరికి ఉపయోగమని ప్రశ్నించువారికి అదే సమాధానము.

ఇది ప్రభుత్వపు పని, మనకేల యని కొందరందురు. జీతము, మందులు, భవనము ప్రభుత్వము ఈయవలసినవే. వానిని మనము అడుగుట మానరాదు. కాని జాతర తేదీ చెప్పుటకు, గిన్నెడు అన్నము పంపుటకు, ఒక మాట అనువదించుటకు ఉత్తరువు లేల?

కావున పండుగ వివరముల పత్రము, దుబాసీల జాబితా, రక్తదానమునకు ఒప్పుకొన్నవారి పేర్లు, రాత్రివేళ పార్వతీపురమునకైనను కొరాపుట్‌కైనను పోగల బండ్ల యజమానుల పేర్లు - ఈ నాలుగును ఈ వారమే సిద్ధము కావలెను. సభ ముగిసిన పిదప పుస్తకము బల్లపై నుండును. ఎవరు ఏ పూట రాగలరో పేరు వ్రాసి మరీ ఇండ్లకు పొండని సవినయముగ కోరుచున్నాము.